తిరగరాసిన నోటు: కోనసీమలో ఒక ఇంటి లెక్క

2023 జూన్ మొదటి వారంలో, కాలువలకు నీళ్లు వదిలి సార్వా (తొలి పంట) నారుమళ్ల పనులు మొదలవుతున్న రోజుల్లో, పి.గన్నవరం చుట్టుపక్కల ఒక ఊరి నుంచి భార్యాభర్తలిద్దరు అమలాపురంలో నేను కూర్చునే గదికి వచ్చారు. ఆయనకు 48 ఏళ్లు, ఆమెకు 43. ఇరవై ఆరేళ్లు బ్యాంకు ఉద్యోగం చేసి, అందులో ఎక్కువ భాగం వ్యవసాయ రుణాల బల్ల దగ్గరే గడిపి, పదవీ విరమణ తరువాత కుటుంబాల అప్పుల లెక్కలు సరిచేసే పని పెట్టుకున్న నాకు ఇలాంటి జంటలు కొత్త కాదు. అయినా ఈ కేసును వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. ఈ ఇంట్లో తాగుడు లేదు, జల్సా లేదు, వ్యాపారంలో దెబ్బ తిన్నదీ లేదు. పైగా ఆ ఇంటి యజమాని అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి వద్ద ఇరవై ఏళ్లుగా గుమాస్తా. ఇంకొకరి చిట్టా ఆవర్జాలు, అంటే లెక్కల పుస్తకాలు, పైసా తేడా రాకుండా రాసే మనిషి. అలాంటి మనిషి సొంత ఇంటి అప్పు ఆరేళ్లలో దాదాపు మూడు రెట్లు ఎలా అయిందన్నది ఈ కేసులోని ప్రశ్న. ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టగల వివరాలు కొన్ని మార్చాను, అంకెలు మార్చలేదు.

ఆమె తెచ్చిన ప్లాస్టిక్ కవరులో బంగారం తాకట్టు రసీదు, రెండు బీమా పాలసీలు, మోటారు సైకిలు అప్పు కాగితం, నగల కొట్టు వారి నెలవారీ స్కీము కార్డు, నాలుగు సెంట్ల ఇళ్ల స్థలం దస్తావేజు జిరాక్సు ఉన్నాయి. వాటి అడుగున నాలుగు మడతలు పెట్టిన ప్రామిసరీ నోటు నకలు ఒకటి ఉంది. ఆయన దాన్ని బల్ల మీద పెట్టలేదు. నేనే అడిగి తీసుకున్నాను. రెవెన్యూ స్టాంపు మీదుగా ఆయన సంతకం, పైన 2020 జూన్ 18 తేదీ, అసలు 2,58,000 రూపాయలు, వడ్డీ నెలకు నూటికి రెండు రూపాయలు. నోటు వెనక్కి తిప్పి చూశాను. వెనుక ఒక్క చెల్లు కూడా లేదు. మూడేళ్లలో ఒక్క రూపాయీ జమ కాలేదన్నమాట.

"అది సమస్య కాదండి, మా పెదనాన్నగారి దగ్గరే తెచ్చాను, ఆయన ఎప్పుడూ అడగరండి" అన్నారాయన. వాళ్లు వచ్చిన పని వేరు. కొడుకు భీమవరంలో ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాడు. వాడి ఖర్చు పెరిగింది, నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదు, ఇంటి ఖర్చు ఎక్కడ తగ్గించాలో చెప్పమన్నారు. చీరలు కొనడం మానేస్తానని, పాలు లీటరు తగ్గిస్తానని ఆమె అప్పటికే ఒక జాబితా రాసుకుని వచ్చారు.

ముందుగా ఆ ఇంటి రాబడి చెప్పాలి. గుమాస్తా జీతం నెలకు 22,000. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడతారు. పెళ్లిళ్ల నెలల్లో ఎక్కువ, ఆషాఢంలో తక్కువ, సగటున నెలకు 6,000. సొంత పొలం రెండెకరాల్లో సార్వా, దాళ్వా (రెండో పంట) రెండూ పండిస్తే పెట్టుబడి పోను సుమారు 1,10,000. అరెకరం కొబ్బరి మీద 24,000. అన్నీ కలిపితే ఏడాదికి 4,70,000 రూపాయలు. డెల్టా గ్రామంలో సొంతిల్లు ఉన్న కుటుంబానికి ఇది తక్కువ రాబడి కాదు.

ఖర్చు రాయించాను. ఇంటి ఖర్చు 1,75,000. కొడుకు కాలేజీకి, హాస్టలుకు రీయింబర్స్‌మెంటు పోను 90,000. మోటారు సైకిలు వాయిదాలు 45,336. బీమా ప్రీమియం 38,000. నగల స్కీము 24,000. బంగారం తాకట్టు వడ్డీ 36,000. పండుగలు, పెళ్లిళ్లు, చదివింపులు కలిపి 70,000. మొత్తం 4,78,336. రాబడితో పోలిస్తే ఎనిమిది వేల పైచిలుకు తేడా. "చూశారా అండి, దాదాపు సరిపోతోంది" అన్నారాయన, గుమాస్తాగా కొంత తృప్తితోనే. ఆ జాబితాలో లేనిది ఒకటే: నోటు మీద ఏడాదికి పెరుగుతున్న 61,920 రూపాయల వడ్డీ. చేతి నుంచి డబ్బు బయటకు పోలేదు కనుక ఆయన దాన్ని ఖర్చు అనుకోలేదు. యజమాని దుకాణంలో ఎవరికైనా బాకీ పడితే ఆ రోజే ఆవర్జాలో రాసే ఇదే మనిషి, తన ఇంటికి వచ్చేసరికి, అడగని వడ్డీని లేని వడ్డీగా చూశారు.

ఈ నోటు చరిత్ర కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి. 2013లో ఆయన బ్యాంకులో 90,000 పంట రుణం తీసుకున్నారు. 2014 ఎన్నికల సమయంలో రుణమాఫీ మాట వినిపించగానే, ఊళ్లో చాలామందిలాగే ఆయనా కట్టడం ఆపేశారు. మాఫీ వచ్చిన మాట నిజమే గాని అది కుటుంబానికి లక్షన్నర పరిమితితో, వాయిదాల మీద వచ్చింది. ఈలోగా బ్యాంకు వడ్డీ ఆగలేదు, ఖాతా మొండిబాకీల్లోకి పోయింది. నేను బ్యాంకులో ఉన్న రోజుల్లో, మాఫీ వచ్చినా రాకపోయినా గడువులోగా రెన్యువల్ చేసుకుంటే నష్టం లేదని ఎందరికో చెప్పాను. విన్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2017లో ఇంటికి శ్లాబు వేయడానికి ఆయన అప్పు కోసం వెళ్తే, పాత బాకీ కారణంగా బ్యాంకు కుదరదంది. దాంతో పెదనాన్న వరస అయ్యే ఒక పెద్దాయన దగ్గర, నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చారు. ఆ మరుసటి ఏడాది బ్యాంకు బాకీ తీర్చేశారు గాని, బ్యాంకు గుమ్మం మళ్లీ ఎక్కలేదు.

లక్షన్నర 2,58,000 ఎలా అయింది? కాలపరిమితి చట్టం, 1963 ప్రకారం, అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి నోటు తేదీ నుంచి మూడేళ్లే గడువు. అందుకే మన ఊళ్లలో అప్పిచ్చినవారు మూడేళ్లు నిండకముందే నోటు తిరగరాయించుకుంటారు. అది వారి జాగ్రత్త. తప్పు పట్టడానికి లేదు. చిక్కు ఆ తిరగరాయడంలో జరిగే కూడికలో ఉంది. రెండు రూపాయల చొప్పున 36 నెలలకు నూటికి 72 రూపాయల వడ్డీ అవుతుంది. ఆ 72 కొత్త నోటులో అసలై కూర్చుంటుంది. లక్షన్నర 2020లో 2,58,000 అయింది. 2023 జూన్ 18న మళ్లీ తిరగరాస్తే 4,43,760 అవుతుంది. తిరగరాయకుండా మొదటి లక్షన్నర మీదే ఆరేళ్లూ బారువడ్డీ వేసి ఉంటే 3,66,000. ఆ రెండింటి మధ్య ఉన్న 77,760 రూపాయలు కేవలం కాగితం మార్చినందుకు పెరిగిన బాకీ. ఆయన ఈ అప్పును చివరిదాకా "బారువడ్డీ అప్పు" అనే పిలిచారు. నోటులో రాసి ఉన్నది బారువడ్డీయే, నడుస్తున్నది మాత్రం మూడేళ్లకోసారి తిరిగే చక్రవడ్డీ.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని గోదావరి జిల్లాల్లో తెలియని రైతు ఉండడు. ఈయనకూ తెలుసు. కాని తెలియడం వేరు, రెండు అప్పులను పక్కపక్కన పెట్టి చూడటం వేరు. ఈ ఇంట్లో ఒక్కో అప్పు ఒక్కో కొలతలో ఉంది. పెదనాన్నగారి అప్పు నెలకు నూటికి రూపాయల్లో, బ్యాంకు అప్పు ఏడాదికి శాతాల్లో, మోటారు సైకిలు అప్పు నెల వాయిదా రూపంలో, బీమా పొదుపు "చివరికి వచ్చే మొత్తం" రూపంలో, స్థలం "అప్పుడెంత, ఇప్పుడెంత" రూపంలో. కుంచాల్లో కొన్నదాన్ని కిలోల్లో అమ్మితే లాభమో నష్టమో ఎలా తెలుస్తుంది? సంభాషణ మధ్యలో ఆయన, "బ్యాంకువాళ్లు తొమ్మిది అంటారండి, పెదనాన్నగారు రెండే కదా" అని నవ్వుతూ అన్నారు. నవ్వుతూనే అన్నా, అది పూర్తిగా నవ్వులాట కాదని ఆ ఇంటి కాగితాలు చెబుతున్నాయి. అందుకని నేను చేసిన మొదటి పని, అప్పులనూ ఆస్తులనూ ఒకే కొలతలోకి, అంటే ఏడాదికి నూటికి ఎంత అన్న లెక్కలోకి మార్చి ఒక తెల్లకాగితం మీద రాయడం.

మోటారు సైకిలు అప్పు ఇందులో అందరినీ ఆశ్చర్యపరిచింది. 2022 డిసెంబరులో కొడుకు కోసం లక్ష రూపాయల అప్పుతో కొన్నారు. షోరూములో "నూటికి రూపాయే వడ్డీ" అన్నారు. లక్షకు ఏడాదికి 12,000 చొప్పున మూడేళ్లకు 36,000 వడ్డీ. మొత్తం 1,36,000ను 36తో భాగిస్తే నెలకు 3,778. పెదనాన్నగారి అప్పులో సగం వడ్డీయే కదా అని సంతోషించారు. కాని ప్రతి నెలా అసలు కొంత తిరిగి కడుతూనే ఉన్నప్పుడు, తీరిపోయిన అసలు మీద కూడా చివరి నెల దాకా వడ్డీ వేసే పద్ధతి ఇది. తగ్గుతున్న బాకీ మీద లెక్క కడితే నిజమైన వడ్డీ రేటు ఏడాదికి సుమారు 21.2 శాతం. రూపాయి వడ్డీ అనుకున్నది రూపాయి ముప్పావు దాటింది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కొత్తగా ఇచ్చే ఇలాంటి అప్పులకు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటుతో ఒక కీలక వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఈ కుటుంబం అప్పు తీసుకున్నది అంతకుముందు. ఇప్పుడు తీసుకునేవారైనా ఆ పత్రంలో వాయిదా అంకె కంటే ముందు రేటు అంకె చూడాలి.

బంగారం అప్పు 2021లో కూతురి పెళ్లికి చేసినది. ఆమెకు పుట్టింటివారు పెట్టిన పన్నెండు కాసుల బంగారం, అంటే 96 గ్రాములు, ఒక ప్రైవేటు ఫైనాన్సులో 2,00,000కు తాకట్టులో ఉంది. రూపాయిన్నర వడ్డీ, ఏడాదికి 36,000. ఏటా వడ్డీ కట్టి రసీదు మార్చుకుంటున్నారు. ఆ సమయంలోనే బ్యాంకులు బంగారం మీద దాదాపు 9 శాతానికి ఇస్తున్నాయి. ఎందుకు బ్యాంకుకు వెళ్లలేదంటే, అక్కడ క్యూలో ఎవరైనా చూస్తారని. ఫైనాన్సు ఆఫీసు మేడ మీద ఉంది, మెట్లు పక్క సందులో ఉన్నాయి. ఆ సందుకు ఏడాదికి 18,000 రూపాయలు అద్దె కడుతున్నారని నేను అన్నప్పుడు ఆమె భర్త వైపు చూశారు.

ఇక విచిత్రమేమిటంటే, సొంత బంగారం రూపాయిన్నర వడ్డీకి తాకట్టులో ఉండగా, ఆమె నెలకు రెండు వేలు నగల కొట్టు స్కీములో కట్టి, ఏడాదికోసారి నాలుగైదు గ్రాముల కొత్త నగ కొంటున్నారు. తరుగు, మజూరీల్లో కొట్టువారు కొంత తగ్గిస్తారు, నిజమే. కాని ఆ డబ్బు బ్యాంకు డిపాజిట్ కాదు; బ్యాంకు డిపాజిట్లకు ఉండే అయిదు లక్షల బీమా దానికి వర్తించదు; వెనక్కి తీసుకోవాలన్నా అదే కొట్లో వస్తువుగానే తీసుకోవాలి. బంగారం కొనడం తప్పని నేను అనను. తాకట్టులో ఉన్న పాత బంగారాన్ని విడిపించుకోవడానికి అదే రెండు వేలు కడితే, తరుగూ మజూరీ లేకుండా దక్కేది బంగారమే కదా అన్నాను.

బీమా సంగతి క్లుప్తంగా చెబుతాను. పాలసీలు రెండు. ఒకటి ఆయన పేరున 3 లక్షలకు, ఏడాదికి 20,000. రెండోది నాలుగేళ్ల క్రితం కొడుకు పేరున తీసుకున్నది, ఏడాదికి 18,000. సంపాదించేది తండ్రి, బీమా కొడుకు మీద. ఆ రోజున తిరగరాయబోయే నోటుతో కలిపి ఇంటి అప్పు 7,30,000 దాటింది. ఆయనకేమైనా అయితే వచ్చేది 3 లక్షలు. "డబ్బు వెనక్కి వస్తుంది" అన్న మాట మీద కొన్న పాలసీలే ఇవి రెండూ. ఇలాంటి పొదుపు పాలసీల్లో రాబడి సాధారణంగా 5, 6 శాతం మధ్య ఉంటుంది. 24 శాతం అప్పు నెత్తిన ఉన్నవారు 6 శాతానికి దాచుకోవడం కుండలో నీళ్లు పోస్తూ అడుగున చిల్లు వదిలేయడమే. పాత పాలసీ కొనసాగించమన్నాను, కొడుకు పాలసీని పెయిడప్ చేయించాను, అంటే ఇక ప్రీమియం కట్టకుండా, కట్టినంతవరకే పాలసీ నిలిచేలా మార్పించాను. ఏడాదికి 436 రూపాయల ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయల సురక్షా బీమా ఆయన పేరున చేర్పించాను. జీవన్ జ్యోతిలో చేరడానికి వయసు పరిమితి 50 ఏళ్లు. ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే ఆ దారి మూసుకుపోయేది.

తెల్లకాగితం పూర్తయ్యాక ఒక అంకె దగ్గర ముగ్గురం ఆగాం. నోటును 4,43,760కి తిరగరాస్తే ఆ మరుసటి నెల నుంచి దాని మీద వడ్డీ నెలకు 8,875 రూపాయలు. ఆమె ఆ అంకెను కాసేపు చూసి, పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుని, "జాకెట్టుకి రెండొందల యాభై తీసుకుంటానండి. ఇది నెలకి ముప్పై అయిదు జాకెట్లు" అన్నారు. ఆమె నెలంతా కుట్టేవి ఇరవై నాలుగు. బంగారం వడ్డీ కూడా కలిపితే ఏడాదికి 1,42,500, అంటే ఇంటి రాబడిలో నూటికి ముప్పై. ఆమె చేతిలో ఉన్న చీరలు, పాల జాబితా మొత్తం కలిపినా ఏడాదికి 11,000 దాటలేదు. ఆ కాగితాన్ని ఆమె మడిచి కవరులో పెట్టేసుకున్నారు.

నోటు గడువుకు ఇంకా పన్నెండు రోజులు ఉంది. నేను ఇచ్చిన మొదటి సలహా నోటు తిరగరాయవద్దని. ఎగ్గొట్టమని కాదు. గడువు లోపల కొంత సొమ్ము జమచేసి, నోటు వెనుక తేదీతో సహా ఆ చెల్లు అప్పు తీసుకున్నవారే రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్ల గడువు వస్తుంది. అప్పిచ్చినవారి హక్కు భద్రంగా ఉంటుంది, వడ్డీ మాత్రం అసలులో కలవదు. కొబ్బరి అమ్మిన డబ్బులో 10,000 తీసుకుని జూన్ 15న ఇద్దరూ ఆ పెద్దాయన ఇంటికి వెళ్లారు. ఆరేళ్లలో మొదటిసారి డబ్బు పట్టుకుని వచ్చారు కనుక ఆయన కాఫీ ఇప్పించి, చెల్లు రాయించుకుని, తిరగరాసే మాట ఎత్తలేదట. అడగని మనిషికి అవసరం లేదనుకోవడం ఎంత పొరపాటో అక్కడే తెలిసింది. ఆయన ఆ నెల కంటి ఆపరేషనుకు డబ్బు వెతుక్కుంటున్నారు.

రెండో మెట్టు బంగారం. జూలైలో ఫైనాన్సు నుంచి విడిపించి బ్యాంకుకు మార్చాం. విడిపించడానికి ఒక రోజుకు రెండు లక్షలు చేబదులు కావాల్సి వచ్చింది. గుమాస్తాగారి యజమాని పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకున్నారు. అదే వారం పొలం పాసుపుస్తకం మీద పంట రుణానికి దరఖాస్తు చేయించాను. మూడు లక్షల లోపు పంట రుణానికి 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే 3 శాతం రాయితీ, అంటే చేతికి 4 శాతం. పంట రుణం పాత బాకీలు తీర్చుకోవడానికి కాదు, పంటకే వాడాలి. అలా వాడినా, ఎరువుల కొట్లో అరువు తెచ్చి, కోతలయ్యాక కొట్టువారు చెప్పిన ధరకు లెక్క కట్టే పని తప్పింది. ఆయన భయమంతా బ్యాంకు మళ్లీ కాదంటుందేమోనని. పాత బాకీ తీరి అయిదేళ్లయింది, ఎవరూ కాదనలేదు.

అసలు పోరాటం స్థలం దగ్గర జరిగింది. 2012లో 1,60,000కు కొన్న నాలుగు సెంట్లు. ఊళ్లోవారి మాట ప్రకారం ఎనిమిది లక్షలు. నిజంగా కొంటానని వచ్చినవారి మాట 5,40,000. నోటి మాట ధరకూ చేతికొచ్చే ధరకూ మధ్య ఈ తేడా మన ప్రాంతంలో ప్రతి స్థలానికీ ఉంటుంది, ఆస్తి లెక్కలో మాత్రం అందరూ మొదటిదే రాసుకుంటారు. 5,40,000 అనుకున్నా పదకొండేళ్లలో ఏడాదికి సుమారు 11.7 శాతం పెరిగినట్టు. మంచి పెరుగుదలే. పక్కనే నోటు 24 శాతం చొప్పున పెరుగుతోంది. భూమి ధర ఎప్పటికీ తగ్గదన్న నమ్మకం నిజమే అనుకున్నా, అది అప్పు కంటే వేగంగా పెరుగుతుందా అన్నదే ఇక్కడ ప్రశ్న. ఆమె ఒప్పుకోలేదు. స్థలం అమ్మారని తెలిస్తే అబ్బాయికి రేపు సంబంధాలు ఎలా వస్తాయన్నది ఆమె మాట. దాన్ని మూఢత్వమని కొట్టిపారేయలేను. పరువుకు మన ఊళ్లలో ధర ఉంది, పెళ్లిచూపుల నాడు అది రూపాయల్లోనే తేలుతుంది. నేను దానికి బదులుగా బంగారంలో సగం అమ్మమన్నాను. అది అసలే కుదరదన్నారు. నాలుగు నెలలు ఈ మాటలే నడిచాయి. చివరికి ఒప్పించింది నా లెక్కలు కావు. కంటి ఆపరేషను అయిన పెద్దాయనను చూడటానికి వెళ్లినప్పుడు, ఆయన కోడలు వీళ్ల ముందే బాకీ మాట ఎత్తిందట. నవంబరులో స్థలం 5,40,000కు అమ్మారు. ఆ రోజుకు 2,58,000 మీద 41 నెలల వడ్డీతో, చెల్లు పోను బాకీ 4,59,560. ఒకేసారి కడతామంటే పెద్దాయన 4,00,000కు సరేనన్నారు. మిగిలినదాంట్లో లక్ష బ్యాంకులో బంగారం అప్పుకు జమచేశాం. ఆడిటరు చెప్పిన పన్ను, మధ్యవర్తి కమీషను పోను ఉన్నది అవసరాలకని వేరే ఖాతాలో ఉంచాం.

ఇంతవరకు చదివినవారికి అంతా సాఫీగా జరిగినట్టు అనిపించవచ్చు గాని, నా వైపు నుంచి ఒక పెద్ద తప్పు జరిగింది. ఖర్చుల ప్రణాళికలో సంక్రాంతికి నేను 15,000 రాశాను. ముందటి ఏడాది వారికి అయింది 46,000. కూతురి అత్తవారు రాజమహేంద్రవరంలో ఉంటారు. పెళ్లయిన రెండేళ్లకే అల్లుడు పండక్కి వస్తే గోదావరి జిల్లాలో ఆ మూడు రోజులు ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలియక కాదు. కాగితం మీద అంకె అందంగా కనిపించాలని రాశాను. ఫిబ్రవరిలో వాళ్లు ఖర్చుల పుస్తకం తెచ్చినప్పుడు జనవరి 13 దాకా పద్దులు ఉన్నాయి, 18 నుంచి మళ్లీ ఉన్నాయి. భోగి నుంచి ముక్కనుమ వరకు పేజీ తెల్లగా ఉంది. గుమాస్తా రాసిన పుస్తకంలో ఖాళీ పేజీ! అడిగితే ఆయన తల దించుకుని, తోడల్లుడి దగ్గర ఇరవై వేలు చేబదులు తెచ్చామని, అందులో ఎనిమిది వేలు అల్లుడితో కలిసి బరి దగ్గరికి వెళ్లినప్పుడు పోయాయని చెప్పారు. కోడిపందెం చట్టవిరుద్ధమని ఆయనకు నేను చెప్పాల్సిన పని లేదు. నేను చేయాల్సిన పని, జరగబోయే ఖర్చును జరగదని రాయకుండా ఉండటం. ఆ నెల నుంచి నగల స్కీము ఆపిన రెండు వేలకు ఇంకో వెయ్యి కలిపి, బ్యాంకులో ఏడాది ఆర్.డి. (నెలనెలా కట్టే డిపాజిట్) కట్టిస్తున్నాను. 36,000 సంక్రాంతికే. తరువాతి పండుగలో పేజీ ఖాళీగా లేదు. బరి దగ్గర పోయిన మూడు వేలు కూడా "ఇతరములు" కింద రాసి ఉన్నాయి.

చదివింపుల జోలికి మాత్రం నేను వెళ్లలేదు. శ్రావణంలో, మాఘంలో పెళ్లిళ్లకు రాసే వెయ్యి, రెండు వేలు దండగ ఖర్చని పట్నంలో సలహాలిచ్చేవారు అంటుంటారు. ఈ ఇంట్లో కూతురి పెళ్లి నాటి చదివింపుల పుస్తకం చూశాను. ఎవరెంత రాశారో వరసగా ఉంది, వాళ్ల ఇళ్లలో శుభకార్యం వచ్చినప్పుడు అంతకు కొంచెం కలిపి తిరిగి రాస్తున్నారు. ఊరంతా కలిసి నడుపుకునే వడ్డీ లేని అప్పు అది. ఏడాదికి ఎంతవుతుందో ముందే అంచనా వేసుకుంటే చాలు.

2025 చివరికి వచ్చేసరికి నోటు లేదు. మోటారు సైకిలు వాయిదాలు డిసెంబరుతో పూర్తి. బంగారం మీద బ్యాంకులో 60,000 మిగిలింది. పంట రుణం రెండుసార్లు గడువులోగా తీర్చి తిరిగి తీసుకున్నారు. బంగారం విషయంలో నేను ఇచ్చిన సలహా గురించి కూడా చెప్పాలి. 2023లో సగం అమ్మమన్నప్పుడు నగల బంగారం గ్రాము అయిదున్నర వేల దగ్గర ఉంది. 2025లో అది పది వేలు దాటింది. "మీ మాట వినుంటే ఏమయ్యేదండి" అని ఆమె వచ్చిన ప్రతిసారీ గుర్తుచేస్తారు. ధర ఇలా పెరుగుతుందని ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. అయినా ఈ ఒక్క చోట ఆమె లెక్కే గెలిచింది, ఒప్పుకోక తప్పదు.

మొన్న దీపావళి ముందు ఆయన ఫోను చేశారు. ఊళ్లో ఒక చేపల చెరువు రైతుకు లక్ష రూపాయలు కావాలట, రెండు రూపాయల వడ్డీ ఇస్తానన్నాడట. "బ్యాంకులో బంగారం మీద తొమ్మిది శాతానికి తీసి, ఇతనికి ఇరవై నాలుగుకి ఇస్తే ఏడాదికి పదిహేను వేలు మిగులుతాయి కదండి. మీరు నేర్పిన లెక్కేనండి" అన్నారు. లెక్క సరిగ్గానే ఉంది, అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. ఆ రైతు మూడేళ్లలో చెల్లు వేస్తాడని నమ్మకం ఏమిటని అడిగాను. అటు నుంచి కాసేపు మాట లేదు. తరువాత వెనక కుట్టుమిషను చప్పుడు ఆగి, ఆమె గొంతు వినిపించింది: "ఆయనకి నేను పొద్దున్నే చెప్పానండి, బంగారం బయటికి తీసేది లేదని."